నలభయ్యో పేజీలో మూడు చుక్కలు

బాన్సువాడ బస్టాండుకు ఎదురుగా, రేకుల షెడ్డులో, నేను పన్నెండేళ్ళు కిరాయి పుస్తకాల షాపు నడిపాను. ఇంటర్ తప్పినవాడికి అంతకంటే గౌరవమైన పని దొరకదని అప్పట్లో నా నమ్మకం. తొంభైలు మొదలైన కొత్తలో హైదరాబాదు కోఠీకి వెళ్ళి, పాత నవలలు గోనె సంచుల్లో కట్టించి, బస్సు మీద వేయించుకుని తెచ్చేవాణ్ణి. చిరిగిన అట్టలు పీకేసి, గట్టి అట్ట వేసి, పైన ఖాకీ కాగితం అంటించేవాణ్ణి. దాంతో ఒక చిక్కు వచ్చిపడింది. షాపులో పుస్తకాలన్నిటిదీ ఒకటే ముఖం. వెన్ను మీద నేను స్కెచ్ పెన్నుతో రాసిన పేరు ఆరు నెలలకు వెలిసిపోయేది. చదివిన నవలనే మళ్ళీ తీసుకెళ్ళి, సగం చదివాక సంగతి తెలిసి, తిరిగొచ్చి నా మీద పడేవాళ్ళు.

అందుకని చదివేవాళ్ళంతా ఒక్కో గుర్తు పెట్టుకున్నారు. ఎవరి పేజీ వాళ్ళది, ఎవరి గుర్తు వాళ్ళది. సర్కారు దవాఖాన నర్సమ్మది పన్నెండో పేజీలో ప్లస్సు. మద్నూరు దిక్కు లారీ నడిపే అన్నది ముప్పయ్యో పేజీలో చక్రం. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద పొలాలు కొనుక్కున్నవాళ్ళ క్యాంపు ఒకటి మా ఊరికి దగ్గర్లోనే ఉంది. అక్కణ్ణుంచి వచ్చే ఒకావిడది యాభయ్యో పేజీలో చిన్న మామిడికాయ. పుస్తకం చేతికిస్తే పేరు చూడరు, టకటకా పేజీలు తిప్పి తమ గుర్తు ఉందా లేదా చూసుకుంటారు. ఉంటే అక్కడే బల్ల మీద పడేసి "ఇంకోటి ఇయ్యి" అంటారు. పుస్తకాల మీద రాయకూడదని బోర్డు పెట్టాను. నెత్తీ నోరూ కొట్టుకున్నాను. చివరికి ఎవరో ఆ బోర్డు మీద కూడా ప్లస్సు పెట్టి పోయారు.

నలభయ్యో పేజీలో మూడు చుక్కలు మాత్రం మా అమ్మవి.

అమ్మకు చదవడం వచ్చు, రాయడం రాదు. ఇట్లా చెబితే ఎవరూ నమ్మరు. నేను చిన్నబడిలో ఉన్నప్పుడు నా పక్కన కూర్చుని, బియ్యంలో రాళ్ళు ఏరుతూ, నేను గట్టిగా చదివే పాఠాలు వింటూ, వంగి చూస్తూ అక్షరాలు పట్టేసింది. చెయ్యి మాత్రం తిరగలేదు. నాట్లు వేసీ వేసీ బిరుసెక్కిన వేళ్ళు. బలపం ఇస్తే రెండు ముక్కలయ్యేది. "నాతోటి కాదు తియ్యి" అని పలక నా ఒళ్ళో పెట్టేసింది. నాన్న అప్పటికే లేడు. రేషన్ షాపులో, బ్యాంకులో, పొలం కాగితాల మీద, ఎక్కడైనా ఆమెది వేలిముద్రే.

నేను షాపు పెట్టాక మధ్యాహ్నం బువ్వ డబ్బా పట్టుకుని మా ఊరి బస్సులో వచ్చేది. నేను తింటుంటే అలమర వెనక స్టూలు మీద కూర్చుని, కొత్తగా వచ్చిన సంచీ విప్పి చదవడం మొదలుపెట్టేది. నాలుగింటి బస్సుకు లేచేది. కిరాయికి పోయే ప్రతి పుస్తకమూ ముందు ఆమె చేతిలోంచి వెళ్ళాల్సిందే. ఆమెకూ గుర్తు కావాలి కదా. నా చెవి మీది పెన్సిలు లాక్కుని, నలభయ్యో పేజీ అడుగున మూడు చుక్కలు పెట్టేది. పెట్టేది అనకూడదు, పొడిచేది. మొదటి రెండూ ఒక వరుసలో ఉండేవి, మూడోది కిందికి జారిపోయేది. కొన్ని పుస్తకాల్లో ఆ చుక్క కింది పేజీలోకి కూడా దిగేది.

నాకు ఒళ్ళు మండేది.

"ఏందవ్వా, కాయితం చినుగుతలేదా? మెల్లగ పెట్టరాదా?" అనేవాణ్ణి. మా ఇంట్లో అమ్మను అవ్వా అనే పిలుస్తాం.

"చినిగితే చినుగుతది తియ్యి. నీ సొమ్మేం బోయింది?" అనేది.

"నా సొమ్మే గదా పోయేది!"

ముసిముసిగా నవ్వేది. నేను విసుక్కుని పెన్సిలు తిరిగి లాక్కునేవాణ్ణి. రోజూ ఇదే తంతు.

రెండువేలు దాటాక ఒక వానాకాలం ఆమెకు జ్వరం తగిలింది. బాన్సువాడ దవాఖానలో రెండు రోజులు, నిజామాబాదులో నాలుగు రోజులు. అక్కడే ఐదో రోజు పోయింది, ఇంటికి తీసుకొచ్చేశాం. నాకు ఏడుపు రాలేదు. చుట్టాలు నన్ను పక్కకు తీసుకెళ్ళి, "ఒక్కసారి ఏడువు బిడ్డా, లేకుంటే లోపలనే ఉంటది" అన్నారు. ప్రయత్నించాను. రాలేదు. దినాలకు వచ్చినవాళ్ళు తిన్నారా లేదా కనుక్కోవడం, గ్లాసులు లెక్కపెట్టి వంటవాళ్ళకు అప్పగించడం, ఇవే చేశాను.

దినాలయ్యాక ఏదో కాగితం వెతుకుతుంటే ఒక సంగతి తట్టింది. అమ్మ చేత్తో రాసింది ఈ లోకంలో ఏమీ లేదు. ఉత్తరం లేదు, సంతకం లేదు, సామాను చీటీ లేదు. ఉన్నవి ఆ చుక్కలే. అది తట్టినప్పుడు కూడా ఏమీ అనిపించలేదు. షాపుకు తాళం వేసి ఉంది కదా, పోయి చూసుకోవచ్చులే అనుకున్నాను. పోలేదు. ఏడెనిమిది నెలలు తియ్యలేదు. తీసేసరికి మూడు అలమర్లు చెదలు తినేశాయి. ఖాకీ అట్టలు నిలబడి ఉన్నాయి, ముట్టుకుంటే లోపల మట్టి. మిగిలినవి రెండు వందల పైచిలుకు. వాటిని దులిపి, నలభయ్యో పేజీలు తిప్పి చూసుకున్నాను. అన్నిట్లోనూ చుక్కలున్నాయి. అప్పుడు మొదటిసారి భయం వేసింది. వీటినైనా కాపాడుకోవాలి, ఎట్లా అని.

కిరాయికి అడిగేవాళ్ళు అప్పటికే లేరు. సాయంత్రమైతే అందరూ టీవీ సీరియళ్ళ ముందే. షాపులో జిరాక్సు మిషన్ పెట్టుకుని, పాసుపుస్తకాలూ కులం సర్టిఫికెట్లూ కాపీలు తీసుకుంటూ కూర్చున్నాను. పుస్తకాలు వెనకాల రేకు పెట్టెల్లో పడి ఉన్నాయి.

అట్లా కొన్నేళ్ళు గడిచాక దిగాడు మా బావ. మేనత్త కొడుకు. హైదరాబాదులో కంప్యూటర్ల పని చేసేవాడు. నోరు తెరిస్తే ఏదో ఒక కొత్త వ్యాపారం. ఆ ఏడాది అతని నోట్లో నానుతున్న మాట ఎలక్ట్రానిక్ పుస్తకం. బయటి దేశాల్లో చదువుకునే మిషన్లు వచ్చాయట. పలకంత ఉంటుందట. లోపల బల్బు వెలగదట, ఎండలో కూడా కాగితం లాగే కనబడుతుందట, ఒకసారి ఛార్జింగ్ పెడితే రోజులకు రోజులు వస్తుందట.

"మన షాపు మొత్తం దాంట్ల పడ్తదిరా," అన్నాడు. "ఇప్పుడు పిరం ఉన్నది గని, ఏటేటా ధర దిగుతున్నది. దుబాయ్‌ల, అమెరికాల మనోళ్ళు ఎంతమంది ఉన్నరు? తెలుగు నవలలు దొరక్క మొత్తుకుంటున్నరు. ముందుగాల ఎవడు పెడితే వాడిదే మార్కెట్."

"తెలుగు వస్తదా దాంట్ల?" అని అడిగాను.

బావ నీళ్ళు నమిలాడు. రాదట. తెలుగు అక్షరం వేస్తే ఖాళీ డబ్బాలు కనబడతాయట. కాబట్టి ప్రతి పేజీనీ ఫొటో తీసినట్టు తీసి, బొమ్మలాగా ఎక్కించాలి. దానికి పాత పుస్తకాలు కావాలి. రచయితలతో మాట్లాడుకునే సంగతి తాను చూసుకుంటాడట. పుస్తకాలు, పని నావి.

అప్పుడతను రేకు పెట్టె మూత తీసి, చెద తిన్న అట్ట ఒకటి పట్టుకుని నా ముందు ఆడించాడు. "కాయితానికి చెద పడ్తదిరా. దీనికి పడదు."

ఆ ఒక్క మాటకు పడిపోయాను. మార్కెట్ ఎవడిక్కావాలి? చుక్కలు మిషన్లోకి ఎక్కితే ఇక చెద లేదు, వాన లేదు. పేజీని బొమ్మగా తీస్తారన్నాడు కదా, అయితే పేజీ మీద ఉన్నదంతా వస్తుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

బావ ఒక స్కానరు, ఒక కంప్యూటరు పంపాడు. పెండ్లి పత్రికలు అచ్చువేసే ప్రెస్సులో కటింగ్ మిషన్ ఉంది. పుస్తకాలు అక్కడికి మోసుకెళ్ళి వెన్నులు కోయించాను. ఒక్క వేటు, పుస్తకం కాస్తా కాగితాల కట్ట. ప్రెస్సు అన్న ఒకసారి చెయ్యి ఆపి, "ఇట్ల కోస్తే మళ్ళ కుట్టరాదు, ఎరుకేనా?" అన్నాడు. ఎరుకే అన్నాను. తర్వాత ఒక్కో కాగితాన్ని గాజు మీద పెట్టడం, మూత వెయ్యడం, మీట నొక్కడం. అటువైపు తిప్పి మళ్ళీ పెట్టడం. జిరాక్సుకు ఎవరైనా వస్తే లేవడం, మళ్ళీ కూర్చోవడం. అట్లా ఎనిమిది నెలలు. ఏ పేజీలో ఏం రాసి ఉందో చదవలేదు. చదవాలని తోచలేదు.

తీసిన పేజీలను తెర మీద పెట్టి శుభ్రం చెయ్యాలి. "పేజీ తెల్లగ ఉండాలెరా, డబ్బులు పెట్టి కొనేటోడు చాయ మరకలు చూడడు" అని బావ హుకుం. తెర మీద రబ్బరు లాంటిది ఒకటి ఉంటుంది. దానితో రుద్దితే మరక పోతుంది. నూనె చేతుల మరకలు రుద్దాను. నర్సమ్మ ప్లస్సులు రుద్దాను. లారీ అన్న చక్రాలు రుద్దాను. మామిడికాయలు రుద్దాను. నిజం చెప్పాలంటే అవి తుడుస్తుంటే కాస్త కసి కూడా తీరింది. పన్నెండేళ్ళు బోర్డు పెట్టుకుని అరిచినా వినలేదు కదా వీళ్ళు.

నలభయ్యో పేజీ వచ్చినప్పుడు మాత్రం చెయ్యి తీసేసేవాణ్ణి. మూడు చుక్కల్నీ అట్లాగే ఉంచి ముందుకు పోయేవాణ్ణి. పేజీలన్నీ అయ్యాక కంప్యూటరును అట్లాగే బావకు తిరిగి పంపేశాను, ఫోన్లో చెప్పాను కూడా. "అవ్వ చుక్కలున్నయి, నలభయ్యో పేజీల. అవి ముట్టకు." అతను "సరే, సరే" అన్నాడు. ఆ రెండు సరేలూ నాకు ఇంకా వినబడుతూనే ఉంటాయి.

స్కాన్ అయిన కట్టలు షెడ్డులో గుట్టలు పడ్డాయి. పాత కాగితాలు కొనే మనిషి వస్తే తూకానికి వేసేశాను. నలభయ్యో పేజీలైనా తీసి పెట్టుకోవాలని ఎందుకు తోచలేదని తర్వాత నన్ను నేను చాలాసార్లు అడిగాను. మిషన్లో ఉన్నాయి కదా! అసలు భద్రంగా ఉన్నాక నకలు దాచుకునేవాడు ఉంటాడా? నేను ఏది అసలు అనుకున్నానో, ఏది నకలు అనుకున్నానో చూడండి. రోజూ జిరాక్సులు తీసేవాణ్ణి, నాకే ఆ తేడా పట్టలేదు.

మరుసటి ఎండాకాలం బావ ఆ మిషన్ పట్టుకుని వచ్చాడు. దుబాయ్ నుంచి వచ్చేవాళ్ళతో తెప్పించాడట. బూడిద రంగు తెర, పక్కన మీటలు. మీట నొక్కితే తెర ఒక్కసారి నల్లబడి, మళ్ళీ తెల్లబడి, తర్వాతి పేజీ వస్తుంది. "నీ కష్టానికి ఇది నీకే" అని నా చేతిలో పెట్టాడు. మొదట కనబడిన నవల తెరిచి, మీట నొక్కుతూ కూర్చున్నాను. నలభైసార్లు నల్లబడింది, తెల్లబడింది. నలభయ్యో పేజీ వచ్చింది. అడుగున ఏమీ లేదు. పాలు పోసి కడిగినట్టు ఉంది.

ఇంకో పుస్తకం తెరిచాను. అంతే. ఇంకోటి. అంతే.

"బావా, చుక్కలేవి?"

"ఏం చుక్కలురా?"

"అవ్వవి."

కాసేపు బుర్ర గోక్కున్నాడు. గుర్తొచ్చింది. ముఖం మాడిపోయింది. "మచ్చలు తీసే ప్రోగ్రాం ఒకటి ఉంటదిరా. అన్ని పేజీలు ఒక్కసారే దాంట్ల తిప్పిన. సన్నసన్న చుక్కలు కనబడితే దుమ్ము అనుకుంటది అది. యాదికి లేకుండె, నీ తోడు."

"నేను పంపినయి ఉన్నయి గదా?"

"కంప్యూటర్ల జాగ సాలక తీసేసిన."

నేను సరే అన్నాను. తిట్టాలి కదా? కాలరు పట్టుకోవాలి కదా? మామూలుగా అయితే నాది చిన్నదానికే ఎగిరిపడే స్వభావం. ఆ రోజు ఎండకు టీ పడదేమో, సోడా తెప్పించనా అని అడిగాను. అతను సోడా తాగి, నిజామాబాదు బస్సెక్కి పోయాడు. తర్వాత అతని వ్యాపారం ఏమైందంటే ఏమీ కాలేదు. మిషన్ ఉన్నవాళ్ళు చాలా కొద్దిమంది. ఉన్నవాళ్ళకు బొమ్మలోని అక్షరాలు చిన్నగా ఉన్నాయి, పెద్దవి చేస్తే వాక్యం తెర దాటి పోతోంది. కొన్నవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. అదే సమయంలో ఎక్కడెక్కడో ఇంగ్లీషు పుస్తకాలు ఆ మిషన్లలో కుప్పలుగా అమ్ముడవుతున్నాయని పేపర్లో చదివాను. మంచిదే అనుకున్నాను. బావ మరుసటి ఏడు ప్లాట్ల వ్యాపారంలో దిగాడు.

మిషన్ జిరాక్సు బల్ల మీద పడి ఉండేది. పారెయ్యలేదు, చదవలేదు. కాగితాలు గాలికి ఎగరకుండా పైన పెట్టేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం క్యాంపు ఆవిడ పాసుపుస్తకం జిరాక్సుకు వచ్చింది. మామిడికాయ ఆవిడే. ఆవిడ యాస మా యాస కాదు, మాట మాత్రం గలగలా పారుతుంది.

"ఏవండీ, పుస్తకాలన్నీ ఏం చేశారు? ఇదేంటీ, కొత్తగా ఉందే!"

ఇదే పుస్తకాల షాపు అన్నాను. ఎట్లా చూడాలో చూపించాను. చిన్నపిల్లలా సంబరపడింది. చూస్తుండగానే వేలు మీట మీద పెట్టి టకటకా నొక్కడం మొదలుపెట్టింది. ఎక్కడికి పోతోందో నాకు తెలుసు. యాభై దగ్గర ఆగింది.

"నా మామిడికాయ ఏదండీ? ఈ నవల నేను రెండుసార్లు చదివాను!"

"తుడిచేసిన."

"ఎవరు?"

"నేనే. ఒక్కోటి రుద్ది తుడిచిన."

బావ చేసింది మరిచి చేశాడు. నేను చేసింది కళ్ళు పెట్టి చూసి, కసి తీరా చేశాను. అది అప్పుడు, ఆవిడ ముందు నిలబడ్డాకే తగిలింది. తల ఎత్తలేకపోయాను. ఆవిడ మాత్రం పకపకా నవ్వింది.

"అయ్యో రామ, దానికింత మొహం పెట్టుకుంటారేంటండీ? చెయ్యి ఉందిగా, మళ్ళీ వేసుకుంటాను" అని, పక్కనే పాడైన జిరాక్సు కాగితం లాగి, పెన్సిలు తీసుకుని, తొడిమతో సహా ఒక మామిడికాయ గీసి పడేసింది. అచ్చం అదే మామిడికాయ.

గీసినాక మళ్ళీ వెనక్కి నొక్కింది. నలభై దగ్గర ఆగి, తెర మీద వేలు రాసి చూసింది.

"మీ అమ్మగారి చుక్కలూ లేవే! మరి ఏది బావుందో ఏది బాలేదో ఎలా తెలుస్తుందండీ?"

నాకు అర్థం కాలేదు. ఏమంటున్నారు అని అడిగాను.

"మీకు తెలీదూ?" అంది. "నాకు ఆవిడే చెప్పారు. మీరేదో పని మీద బయటికెళ్ళినప్పుడు. 'నాకు నచ్చితే గట్టిగ ఒత్తుత బిడ్డా, నచ్చకపోతే ఉత్తగ పెడ్త' అని. అప్పట్నుంచీ నేనూ నర్సమ్మా కాగితం వెనక్కి తిప్పి తడిమి చూసుకునేవాళ్ళం. వేలికి గుచ్చుకుంటే కళ్ళు మూసుకుని పట్టుకెళ్ళిపోవడమే. ఒక్కసారి కూడా తప్పలేదు ఆవిడ మాట."

పన్నెండేళ్ళు నా ముందే పొడిచింది. కాగితం చినుగుతుందని పన్నెండేళ్ళు ఆమె మీద కస్సుమన్నాను. కింది పేజీలోకి దిగిన పుస్తకాలు ఏవేవో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను. బావ ఆ ప్రోగ్రాం తిప్పకపోయినా, చుక్కలన్నీ తెర మీద నల్లగా నిలబడి ఉన్నా, గాజు మీద పెట్టిన కాగితం వెనక ఏముందో ఆ స్కానరు చూడదు. అది నా వేలే చూడాలి. రెండు వందల పుస్తకాలు, ఒక్కో కాగితం ఈ చేతుల మీదుగా రెండుసార్లు తిప్పాను. ఒక్కసారీ తడమలేదు. అప్పుడు ఏడుపొచ్చింది. జిరాక్సు మిషన్ వైపు తిరిగి, దాని మూత ఎత్తి, లోపల ఏదో ఇరుక్కున్నట్టు వెతుకుతూ ఏడ్చాను.

ఆవిడకు తెలిసే ఉంటుంది. మామిడికాయ గీసిన కాగితాన్నీ పెన్సిలునీ నా వైపు జరిపింది. "పెట్టండి" అంది మెల్లగా.

పాసుపుస్తకం తీసుకుని ఆవిడ వెళ్ళిపోయాక, ముఖం తుడుచుకుని కూర్చుని పెన్సిలు పట్టుకున్నాను. ఒకటి, రెండు, మూడు. బలం కొద్దీ ఒత్తాననే అనుకున్నాను. మూడూ ఒకే వరుసలో, సమానంగా వచ్చాయి. ఒక్కటీ జారలేదు. కాగితం వెనక్కి తిప్పి వేలితో తడిమి చూశాను. ఏమీ తగల్లేదు.